మూడడుగుల పునాది

ఒకప్పుడు పుంగనూరులో ఇల్లు కట్టాలంటే చాంద్ బాషా మేస్త్రీ గడప తొక్కాల్సిందే. ఇప్పుడు ఆ గడప తొక్కేవాడు లేడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న వాళ్లంతా కుప్పం వైపు పెద్ద పనులకు వెళ్లిపోయారు. భార్య చాంద్ బీ పోయి నాలుగేళ్లయింది. అద్దె గదిలో మాట్లాడే మనిషి లేక, మొన్నొకరోజు గోడకు సున్నం ఎక్కడెక్కడ రాలిందో ఆ గోడకే చెప్పుకొచ్చాడు. చెప్పాక తనకే భయమేసింది.

ఆదివారాలు మాత్రం మునెప్ప కూతురు నవనీత ఇంటికి వెళ్లేవాడు. మునెప్ప ఆయన కింద ముప్పై ఏళ్లు కాంక్రీటు మోసిన మనిషి, పోయిన ఏడాది చనిపోయాడు. నవనీత సోమలలో టీచరు. వారమంతటికీ సరిపడా మాటలు ఆయనకు, ఒకప్పుడు మునెప్ప కోసం తాను కట్టిన ఆ ఇంట్లోనే దొరికేవి.

ఆ ఆదివారం నవనీత ఆయన ముందు ప్లాను పరిచింది.

"చిన్నాయనా, పైన రెండు గదులు వేస్తాండాను. పునాది ఎంత లోతుండాదో కట్టిన మేస్త్రీని అడిగి సెప్పమన్నాడు మదనపల్లె ఇంజనీరు. మేము పైకి పోతాము, కింద ముందరి గది మీకే. ఒక్కరే ఆడ యాల పడుండేది?"

అలా రమ్మని పిలిచేవాళ్లు ఈ లోకంలో ఇంకా ఉన్నారని చాంద్ బాషా అనుకోలేదు. పైన కట్టడానికి కావాల్సిన ఐదడుగులూ ఉన్నాయంటే చాలు, మనుషులున్న ఇంట్లో నిద్ర లేవొచ్చు.

కానీ ఉన్నది మూడడుగులే. పదిహేనేళ్ల కిందట, నవనీత మదనపల్లె హాస్టల్లో చదువుకునే రోజుల్లో, ఆ పునాది గుంతలు తవ్వింది తనూ మునెప్పే. మూడడుగులకే వాన పట్టుకుంది. "కింద రెండు గదులు సాలు భాయ్, ఇంక కానీ" అన్నాడు మునెప్ప. కింది గదుల వరకు అది చాలు కూడా. అయితే స్లాబు వేసిన రోజు మునెప్ప సిగ్గుపడుతూ ఇంకో మాట అడిగాడు.

"పిల్లర్ల కడ్డీలు కోసేయొద్దు భాయ్. వీధిలో అందరి ఇండ్లకూ పైకి నిలబడుండాయి. వీడు కూడా పైన కడతాడంట అనుకోనీ."

చాంద్ బాషా నవ్వి వదిలేశాడు. ఊళ్లో సగం ఇళ్లు నెత్తిన కడ్డీలు పెట్టుకుని అలా ఆశపడుతున్నవే, ఇదీ ఒకటి అనుకున్నాడు. బుద్ధి గడ్డి తిన్నది అప్పుడే.

"మూడడుగులేనమ్మా" అన్నాడు చివరికి. "పైన కట్టొద్దు."

"పైకి కడ్డీలు ఉండాయి గదా?"

"ఉంటే ఏం లాభం? పైన గోడలు, బీరువా, మనుషులు, అంతా స్లాబు మీద పడతాది. స్లాబు దాన్ని బీముకు ఇస్తాది, బీము పిల్లరుకు, పిల్లరు పునాదికి. పునాది నేలకు అప్పజెప్పాల. ఈడ పునాది సిన్నది, కింద మన్ను మెత్తన. ఆ బరువొస్తే ఒక పక్క దిగిపోతాది. బిడ్డలు తిరిగే ఇల్లమ్మా."

నవనీత ప్లానులో పై గదుల గీతలను వేలితో తడిమింది.

"పునాది గట్టిగా వేసినాము, పైన కట్టుకోమని నాయన పోయే ముందర కూడా సెప్పినాడు. ఆయనకు తెలుసునా ఇది?"

తెలుసు. తెలిసీ ఆ చివరి రోజుల్లో కూతురికి ఎందుకలా చెప్పాడో చాంద్ బాషాకు అర్థం కాలేదు. నిజం చెబితే తప్పు ఇద్దరిదీ అవుతుంది, ఆదివారాలైనా మిగులుతాయి. కానీ ఈ పిల్లకు తండ్రి నుంచి మిగిలిందల్లా ఆ నమ్మకమే. దాన్ని తీసేయడానికి ఆయనకు మనసొప్పలేదు.

"తెలీదమ్మా" అన్నాడు. "ఐదడుగులని నేనే అబద్ధం సెప్పినా. మీ నాయన నమ్మినాడు."

నవనీత ప్లాను చుట్టేసి లేచింది. నాలుగు మాటలు తిట్టి ఉంటే ఆయన ప్రాణం కుదుటపడేది. ఆమె తిట్టలేదు. వాకిలి దాకా వచ్చి, తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"పోయి రాండి, మేస్త్రీ" అంది.

ఇన్నేళ్లలో ఆ పిల్ల ఆయనను మేస్త్రీ అని పిలవడం అదే మొదటిసారి.