ఎవరు విప్పారండీ దీన్ని?

తిరువూరులో ఊరందరి గడియారాలూ సరిచేసే మదార్, తను మాత్రం ఎక్కడికీ టైముకి వెళ్ళిన పాపాన పోలేదు. తన నిఖాకి కూడా ఖాజీ గారు రెండుసార్లు కబురు పెడితేగానీ కదల్లేదని భార్య సర్దార్ బీ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. అలాంటి మనిషి ఆ ఆదివారం పొద్దున్నే లేచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుండెల దాకా దిగిన నెరిసిన గడ్డాన్ని శ్రద్ధగా దువ్వుకుని, అత్తరు కూడా రాసుకున్నాడంటే విషయం చిన్నదేమీ కాదు. ఆ రోజు తేలాల్సింది కిటికీ సంగతి.

బస్టాండు పక్కన మదార్ కొట్టుకి ఉన్నది ఒకే ఒక్క కిటికీ. దాని కింద ఆయన బల్ల. పెళ్ళికాక ముందు నుంచీ ఆ వెలుతుర్లోనే కంటికి అద్దం బిగించుకుని గడియారాలు విప్పుతున్నాడు. కూతురు షహనా విజయవాడలో సెల్‌ఫోను రిపేరు నేర్చుకొచ్చి, అదే కొట్టు లోపలి మూల ట్యూబులైటు కింద కూర్చుంటుంది. ఇప్పుడు జనం ఆ మూలకే పోతున్నారు. మదార్ దగ్గర ఆగేవాళ్ళు గడియారంలో సెల్లు మార్పించుకునే వాళ్ళే, లేదంటే బస్సు ఎన్నింటికని అడిగేవాళ్ళు.

"పిల్లకి మెడ పట్టేస్తోందండీ. కిటికీ దగ్గర అది కూర్చుంటుంది, మీరు లోపలికి జరగండి," అంది సర్దార్ బీ ఒకరోజు అన్నం వడ్డిస్తూ.

మదార్‌కి ఒళ్ళు మండిపోయింది. "వెలుతురు లేకుండా గడియారం ఎట్టా విప్పుతానే? లోపలికి జరగమంటే కొట్టు మూసుకోమనేగా?" అని లేచాడు. అక్కడితో ఊరుకుంటే ఆయన మదార్ ఎందుకవుతాడు? "ఆదివారం మా సంఘం ట్రైనింగు క్లాసు ఉంది. హైదరాబాద్ సారు పరీక్ష కూడా పెడతారు. పాసైతే కిటికీ నాది. ఫెయిలైతే నీ కూతురిది!" అనేశాడు.

"మాట మీద ఉంటారా?"

"మదార్ మాటంటే ఏమనుకున్నావ్?"

అన్నాక గుర్తొచ్చింది, తను చివరిసారి పరీక్ష రాసింది ఏడో తరగతిలో అని. అది కూడా గట్టెక్కలేదని మరికాసేపటికి గుర్తొచ్చింది. పైగా చుట్టుపక్కల మండలాల గడియారాల రిపేరుదారుల సంఘానికి అధ్యక్షుడు ఆయనే. "వయసుతో నిమిత్తం లేకుండా అందరూ నేర్చుకోవాలి" అని క్లాసు నోటీసు మీద సంతకం పెట్టిందీ ఆయనే. ఆ అందరిలో తను లేడని మదార్ గట్టి నమ్మకం.

క్లాసు ఒక ఫంక్షన్ హాలు మేడ మీద. పదింటికన్నారు. పదింటికి అక్కడ ఉన్నది కుర్చీలు వేసినవాళ్ళే. బాగుచేసిన గడియారాన్ని సరిగ్గా నడుస్తోందో లేదో చూడ్డానికి నాలుగు రోజులు తమ చేతికే పెట్టుకుని తిరగడం రిపేరు వాళ్ళ అలవాటు. అందుచేత వచ్చిన ప్రతి చేతికీ ఎవరిదో గడియారం ఉంది, దేని టైము దానిదే. అందరూ తమ చెయ్యి చూపించి తాము సరిగ్గానే వచ్చామన్నారు. హైదరాబాద్ నుంచి శిక్షణ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు చైతన్య జేబులోంచి ఫోను తీసి టైము చూసి చెప్పాడు. అందరూ తమ చేతి గడియారాలు దానికి సరిచేసుకున్నారు.

మదార్ పక్క కుర్చీలో విస్సన్నపేట హనుమయ్య వచ్చి కూర్చున్నాడు. వీళ్ళిద్దరికీ పడకపోవడానికి కారణం వేరే ఏమీ లేదు, వృత్తి ధర్మమే. ఏ గడియారం వెనక మూత తీసినా లోపలికి సరిగ్గా చూడకముందే మొహం చిట్లించి, "ఎవరు విప్పారండీ దీన్ని ఇంతకుముందు?" అని అడగడం ఈ పనిలో ఆనవాయితీ. అలా అంటేనే తెచ్చినవాళ్ళకి గురి కుదురుతుంది. అక్కడ బాగవని గడియారం ఇక్కడికీ, ఇక్కడ బాగవనిది అక్కడికీ వస్తుంది కాబట్టి, తిరువూరులో మదార్ ఆ మాట అంటే తగిలేది హనుమయ్యకి, విస్సన్నపేటలో హనుమయ్య అంటే తగిలేది మదార్‌కి. ఏళ్ళ తరబడి ఇలా ఒకరి పరువు ఒకరు తీసుకుంటూ ఇద్దరూ బాగానే బతికారు.

"గడియారం లోపల దుమ్ముంటే నోటితో ఊదకండి. తడి తగిలి తుప్పు పడుతుంది," అని చైతన్య మొదలుపెట్టాడు. హాల్లో అందరూ ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నారు.

పరీక్షకి తలా ఒక కొత్త గడియారం ఇచ్చారు. తేదీ చూపించే చక్రం తీసి, దాని కింద ఉన్న సన్నటి స్ప్రింగు బయటికి తీసి, మళ్ళీ యథాస్థానంలో బిగించాలి. హనుమయ్య ఫ్యాను ఆపమన్నాడు. మదార్ చేతులు రుద్దుకుని, కంటికి అద్దం పెట్టుకుని, మూత తీసి, మొహం చిట్లించాడు.

"ఎవరు విప్పారు సార్ దీన్ని ఇంతకుముందు?"

"ఎవరూ విప్పలేదు మదార్ గారూ. కంపెనీ సీలు ఇందాక మీరే తీశారు," అన్నాడు చైతన్య.

హాలంతా ఘొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది హనుమయ్య. మదార్ ఏమీ జరగనట్టు తల వంచుకుని చక్రం తీశాడు. ట్వీజర్లతో స్ప్రింగు పట్టాడు. టిక్కుమంది. చూస్తే ట్వీజర్ల మధ్య ఏమీ లేదు.

"కదలకండి!" అని అరిచాడు.

వేరే ఎవరైనా అయితే ఏమైందని అడిగేవాళ్ళు. వీళ్ళెవరూ అడగలేదు. ఒకడు టీ గ్లాసు నోటి దాకా తెచ్చుకుని అలాగే ఆగిపోయాడు. నడుస్తున్నవాడు ఎత్తిన కాలు ఎక్కడ దించాలో తెలీక గోడ పట్టుకున్నాడు. తరవాత ఒక్కొక్కరూ మెల్లగా మోకాళ్ళ మీదకి దిగారు. కాసేపటికి సంఘం సభ్యులంతా నేల మీద పాకుతున్నారు, అయస్కాంతాలు ఈడుస్తూ, ప్యాంటు మడతలు దులుపుకుంటూ. పోయిన పెళ్ళి తాలూకు అక్షింతలు దొరికాయి. ఎవరిదో చెవిదుద్దు శీల దొరికింది. స్ప్రింగు మాత్రం దొరకలేదు.

"హనుమయ్యా, నీ బూట్లు విప్పు. అడుగున అంటుకుని ఉంటది," అన్నాడు మదార్.

హనుమయ్య విప్పి దులిపాడు. "సాక్సులు కూడా విప్పమంటావా భాయ్?"

"విప్పు!"

పెద్దాయన పంటి బిగువున అవీ విప్పాడు. ఏమీ రాలలేదు.

"భోజనాలయ్యేలోపు దొరికితే బిగించండి సార్. లేకపోతే పాస్ చెయ్యలేను," అన్నాడు చైతన్య ఇబ్బందిగా. మదార్‌కి తల కొట్టేసినట్టయింది. బిర్యానీ వాసన పిలుస్తున్నా ఎవరి మొహమూ చూడలేక మెట్లు దిగి కొట్టుకి నడిచాడు.

షహనా ఒక్కతే ఉంది. మదార్ తన స్టూలు మీద కూలబడి ఏకరువు పెట్టాడు. వాళ్ళిచ్చిన ట్వీజర్లు చచ్చు ట్వీజర్లు. కుర్చీ ఎత్తు కుదరలేదు. హనుమయ్య పక్కన కూర్చుని ఊపిరి పీలుస్తున్నాడు. అంతా విని షహనా దగ్గరికొచ్చింది.

"నాన్నా, కదలకు."

గడ్డం పట్టుకుని మొహం కిటికీ వైపు తిప్పింది. బల్ల మీది ట్వీజర్లు అందుకుని, నెరిసిన వెంట్రుకల్లోంచి స్ప్రింగుని ఒక్క పట్టున తీసింది. చెయ్యి ఇసుమంత కూడా చలించలేదు.

"ఇటివ్వు, ఇటివ్వు!" అని మదార్ సంబరంగా వేరే ట్వీజర్లు చాచాడు. వెలుతురు సరిగ్గా వాటి మీద పడుతోంది. ట్వీజర్ల రెండు మొనలూ ఒకదానికొకటి తగిలి సన్నగా టకటకమంటున్నాయి. ఇద్దరూ చూశారు.

"ఎన్నాళ్ళ నుంచి నాన్నా?"

సర్ది చెప్పడానికి మదార్ నోరు తెరిచాడుగానీ ఈసారి ఎవరి పేరూ తోచలేదు. కీ ఇచ్చే గడియారం ఎవరు తెచ్చినా "దీని జోలికి ఇంకెందుకండీ, కొత్తది కొనుక్కోండి" అని తనే పంపించేస్తున్నాడు, చాలా కాలంగా. కిటికీ పోతుందని కాదు ఆయన భయం. కిటికీ ఉన్నా ప్రయోజనం లేదని అందరికీ తెలిసిపోతుందని.

"భయమేసిందమ్మా," అన్నాడు. ఆ మాట అన్నాక ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. షహనా ట్వీజర్లు కింద పెట్టి, ఆయన చేతిని తన రెండు చేతుల మధ్య పట్టుకుంది.

మేడ మీదకి ఇద్దరూ కలిసే వెళ్ళారు. స్ప్రింగు చిన్న కాగితం పొట్లంలో ఉంది.

"దొరికిందా? ఎక్కడ భాయ్?" హనుమయ్య ఆత్రంగా అడిగాడు.

"నా గడ్డంలో."

"మరి నా సాక్సులు విప్పించావ్ కదయ్యా!"

నవ్వులు ఆగేదాకా మదార్ నిలబడే ఉన్నాడు. తనకీ నవ్వొచ్చింది. ఆ తరవాత, "సార్, స్ప్రింగు దానంతటది ఎగరలేదు. నా చెయ్యి వణికింది. నేను ఫెయిలు. మా అమ్మాయి పేరు రాసుకోండి. నేను చెబుతాను, తను బిగిస్తుంది," అన్నాడు.

అధ్యక్షుడే ఆ మాట అనేసరికి చైతన్య పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాసుకున్నాడు. షహనా కూర్చుంది. మదార్ వెనక నిలబడి, "ముందు స్ప్రింగు కాలు ఆనించు... ఆ, ఇప్పుడు ఊపిరి బిగబట్టు... నొక్కకు, వాలిపోనీ," అంటూ చెప్పాడు. స్ప్రింగు వెళ్ళి దాని చోట్లో పడుకుంది. చైతన్య చప్పట్లు కొట్టాడు.

హనుమయ్య పక్కకొచ్చి, ఎవరికీ కనపడకుండా తన అరచెయ్యి చాపి చూపించాడు. అదీ వణుకుతోంది.

"నేను నెపం ఫ్యాను మీద పెట్టేస్తుంటా భాయ్," అన్నాడు.

మదార్ ఆ చేతిని పట్టుకుని బిర్యానీ దగ్గరికి లాక్కెళ్ళాడు.

కిటికీ షహనాదయ్యింది. బల్ల మీద ఒక పక్క ఫోన్లు, ఒక పక్క గడియారాలు. మదార్ లోపలి మూల ఫోన్ల కవర్లు అమ్ముతూ, అక్కణ్ణించే కూతురికి పాఠం చెబుతూ, మధ్యమధ్య ఎవరూ అడక్కుండానే బస్సు టైములు కూడా చెబుతున్నాడు.

మామిడికాయల సీజను మొదట్లో విస్సన్నపేట రైతు ఆదిశేషయ్య గడియారం ఒకటి తెచ్చి కిటికీ దగ్గర పెట్టాడు. షహనా కంటికి అద్దం పెట్టుకుని వెనక మూత తీసింది. లోపలికి ఒకసారి చూసి మొహం చిట్లించింది.

"ఎవరు విప్పారండీ దీన్ని ఇంతకుముందు?"

ఆదిశేషయ్య మెల్లగా మెడ తిప్పి లోపలి మూలకి చూశాడు. ఆ మూల ఎవరూ లేరు.

"కదలకండి, ఇక్కడేదో పడింది," అన్నాడు మదార్, కౌంటరు కింద నుంచి.