లేసు కట్టుకున్న ఆదివారం

నేను పుట్టింది పొంతరెల్లలో, మెట్టింది బోర్గోస్కూరోలో. రెండు ఊళ్ళకీ మధ్య ఇటలీ పో నది పాయ ఒకటి అడ్డం. ఈ రెండు ఊళ్ళ జట్లు తలపడిన రోజున ఎవరి గోలుకి చప్పట్లు కొట్టాలో తెలియక మా అమ్మ ఇల్లు కదిలేది కాదు. నాకా తికమక ఏనాడూ లేదు. మా ఆయన లోరిస్ బోర్గోస్కూరో కెప్టెన్. నా అన్న జెలిందో పొంతరెల్ల కెప్టెన్. కట్టుకున్నవాడి పక్షమే నా పక్షం. అన్నని గేలి చేసే హక్కు ఎలాగూ పుట్టుకతో వచ్చిందే.

మా క్లబ్బుని పెట్టింది ఇటుకబట్టీ కూలీలు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చినవాళ్ళు, బట్టీ కోసం మట్టి తవ్వగా మిగిలిన గుంతని చదును చేసి గోలుస్తంభాలు పాతారు. చొక్కాలకి ఇటుక రంగు వేశారు. అంతకు మించి చెప్పుకోవడానికి మాకు పెద్దగా ఏమీ లేదు. కప్పు గెలిచింది లేదు, పై లీగ్ మొహం చూసింది లేదు. అయినా ఆదివారం మధ్యాహ్నం ఊళ్ళో మనుషులు ఎక్కడున్నారని అడిగితే సమాధానం ఒకటే. గుంతలో ఉన్నారు.

యాభై ఒకటిలో వరద వచ్చి స్తంభాలతో సహా గుంతని మింగేసింది. పడవలేసుకుని రొట్టెలు పట్టుకొచ్చింది పొంతరెల్ల వాళ్ళే. మరుసటి వసంతంలో ఆఖరి మ్యాచ్ వాళ్ళతోనే పడింది. డ్రా అయితే రెండు జట్లూ లీగ్‌లో నిలబడతాయి. మావాళ్ళకి కాళ్ళలో సత్తువ లేదు. అప్పుడు పొంతరెల్ల కెప్టెన్ మైదానం మధ్యలో ఆగి, వంగి, తీరిగ్గా బూటు లేసు కట్టుకున్నాడట. మా కెప్టెన్ చూసి తనూ వంగాడు. అక్కణ్ణుంచి బంతి అటూ ఇటూ దొర్లిందే తప్ప గోలు మొహం చూడలేదు. అదే ఆచారమైంది. డ్రా ఇద్దరికీ చాలిన ప్రతిసారీ కెప్టెన్లు వంగుతారు. దాని గురించి ఎవరూ నోరు విప్పరు. చర్చిలో పాపాలు ఒప్పుకునేటప్పుడే కాదు, పక్క మీద పెళ్ళాంతో కూడా అనరు. అంటే అది మోసం అవుతుంది. అనకపోతే మర్యాద.

డెబ్భై ఎనిమిది మే నెలలో ఆ ఆదివారం మళ్ళీ వచ్చింది. ఓడినవాళ్ళు కింది లీగ్‌కి పోతారు. మా అధ్యక్షుడు, బట్టీ యజమాని బొన్ఫాంతె, ముందే చెప్పేశాడు. కిందికి పోతే తను తప్పుకుంటాడు, లీగ్‌లో మా స్థానాన్ని సముద్రం ఒడ్డున ఉన్న ఏదో ఊరికి ఇచ్చేస్తాడు. ఇటుక రంగు చొక్కా ఇక ఉండదు.

మా ఆయనకి ఆ ఆచారమంటే ఒళ్ళు మంట. పొద్దున బూట్లకి కొవ్వు రాస్తూ కూర్చున్నాడు.

"నేను వంగను. పద్దెనిమిదేళ్ళుగా ఆడుతున్నా, ఒకడి దగ్గర చెయ్యి చాచింది లేదు."

"నిన్ను చెయ్యి చాచమన్నదెవరు? లేసు కట్టుకోమంటున్నాం," అన్నాను.

"నోరు ముయ్యవే. పైకి అనకూడదని తెలీదూ?"

"నేనేమన్నాను? లేసు వదులైతే పడిపోతావన్నాను. వంగితే నీ నడుమేం విరిగిపోదులే."

తలుపు ధడాలున వేసి పోయాడు.

నా కొట్టు గోలు వెనక కంచెని ఆనుకుని ఉంటుంది. వేయించిన మలుగు చేప ముక్కలు రొట్టెలో పెట్టి అమ్ముతాను. ఆ రోజు ఒక్కడు కొంటే ఒట్టు. తినే ధ్యాస ఎవరికీ లేదు. గ్యాలరీ పై వరసలో బూడిద రంగు కోటు వేసుకున్న మనిషొకడు ఒంటరిగా కూర్చున్నాడు. లీగ్ వాళ్ళు పంపిన మనిషి. ఆఖరి రోజు డ్రాల మీద వాళ్ళకి ఎప్పుడూ అనుమానమే. ఆటలో ఏదన్నా తేడా కనబడితే రెండు క్లబ్బుల్నీ లీగ్ నుంచే కొట్టేస్తారు.

మొదటి సగం నిజంగానే ఆడారు, గోలు మాత్రం పడలేదు. రెండో సగం సగానికొచ్చాక పొంతరెల్ల కోచ్ ఒక కొత్త ఆటగాణ్ణి దించాడు. పేరు ఎఫిసియో. సర్దీనియా దీవి మనిషి, చలికాలం తర్వాతే ఆ జట్టులో చేరాడు. పొట్టివాడు, కాళ్ళు మాత్రం ఉక్కు. అతనికి ఆచారం గురించి ఎవరూ చెప్పలేదు. ఎలా చెబుతారు? చెప్పకపోవడమే కదా ఆచారం.

ఇంకాసేపటికి మా అన్న జెలిందో మధ్య గీత దగ్గర బంతిని పాదం కింద ఆపాడు. మా ఆయన వైపు చూశాడు. వంగాడు.

మా ఆయన కదల్లేదు. నేను గరిట పట్టుకుని నిలబడిపోయాను. వంగు మహానుభావా, వంగు, అనుకుంటున్నాను. ఆయన మెడ ఎర్రబడడం అంత దూరానికీ కనబడింది. చివరికి నాలుగడుగులు ముందుకొచ్చి, మోకాలు నేలకి ఆనించి లేసు పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఎఫిసియో తన సొంత కెప్టెన్ కాలి కిందనుంచి బంతి లాక్కుని పరుగెత్తాడు.

అడ్డుకోవలసినవాడు నేల మీద ఉన్నాడు. మిగతావాళ్ళు నడుముల మీద చేతులు వేసుకుని నిలబడ్డారు. మా గోల్‌కీపర్ ఇవానో అయితే స్తంభం పక్కన సీసా ఎత్తి నీళ్ళు తాగుతున్నాడు. బంతి వలలో పడింది.

అంత నిశ్శబ్దాన్ని నేను సమాధుల దగ్గర కూడా వినలేదు. ఎఫిసియో చేతులు రెండూ పైకెత్తి పొంతరెల్ల జనం వైపు పరుగెత్తాడు. ఒక్కరూ లేవలేదు. ఒక ముసలామె మాత్రం అరిచింది, "ఎంత పని చేశావురా పాపిష్టోడా!" పాపం, అతని చేతులు నెమ్మదిగా కిందికి దిగాయి. నాకు జాలి వేయలేదు. ఆ క్షణంలో గరిట పెట్టి కొట్టాలనిపించింది.

మా ఆయన ఇంకా మోకాలి మీదే ఉన్నాడు. జెలిందో దగ్గరకొచ్చి చెయ్యి అందించాడు.

"బావా, ఒట్టు, వాడికి తెలీదు."

"అవతలికి పో," అన్నాడు మా ఆయన. ఆ చెయ్యి పట్టుకోకుండానే లేచాడు.

ఆట ముగియడానికి పావుగంట కూడా లేదు. మావాళ్ళు పిచ్చెత్తినట్టు మీద పడ్డారు. పొంతరెల్ల వాళ్ళు అడ్డుపడుతున్నట్టు కనబడుతూనే పక్కకి తప్పుకుంటున్నారు. అయినా మావాళ్ళకి గోలు పడదే! భయంతో కాళ్ళు మాట వినడం లేదు. ఒకడు ఖాళీ గోలు ముందు నిలబడి బంతిని ఏట్లోకి తన్నాడు. ఇంకోసారి స్తంభానికి కొట్టుకుని తిరిగొచ్చింది. బూడిద రంగు కోటువాడు లేచి నిలబడ్డాడు. బొన్ఫాంతె అప్పటికే టోపీ పెట్టుకుని గేటు వైపు నడుస్తున్నాడు. ఆ టోపీని చూడగానే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మా మామగారిని ఆ ఇటుక రంగు చొక్కాతోనే పాతిపెట్టాం. ఆ చొక్కా చోటుని ఎవడో సముద్రం ఒడ్డు వాడికి ఇచ్చేస్తాడా?

ఇంతలో ఒక బంతి ఎత్తుగా వచ్చింది. మా అన్న తల ఎత్తి ఎగిరాడు. తలతో పాటు చెయ్యి కూడా లేచి బంతికి తగిలింది. రిఫరీ ఈల వేసి పెనాల్టీ ఇచ్చాడు.

పొంతరెల్ల వాళ్ళు ఒక్కరూ వాదించలేదు. కోటువాడి కళ్ళ ముందు అదే కొంప ముంచుతుందని నాకు భయం వేసింది. "ఒరేయ్, కాస్త అరవండ్రా!" అని గొణిగాను. మా అన్నకి బుద్ధి వచ్చి రిఫరీ మీదకి వెళ్ళి గుండెలు బాదుకున్నాడు. చిన్నప్పటినుంచీ వాడికి నటన రాదు.

పెనాల్టీ నా కొట్టు ముందున్న గోలుకే. మా ఆయన బంతిని చుక్క మీద పెట్టాడు. ఆ గోలులో పొంతరెల్ల కీపర్ తిజియానో, ఇరవై రెండేళ్ళవాడు, అంత మంచి కీపర్ మా చుట్టుపక్కల లేడు. జెలిందో అతని చెవిలో ఏదో చెప్పి పోయాడు. ఏం చెప్పి ఉంటాడో అందరికీ తెలుసు.

మా ఆయన వెనక్కి అడుగులు వేశాడు. ఆగాడు. మళ్ళీ ముందుకొచ్చి తిజియానోకి మాత్రమే వినబడేలా అన్నాడు. కంచె వెనకున్న నాకూ వినబడింది.

"నీ కుడి పక్కకి కొడుతున్నా, కింద మూలకి. దమ్ముంటే ఆపు."

ఇదేం మనిషి! ఊరి ప్రాణం ఆయన పాదం మీద ఉంటే, ఈ పొగరుబోతు మూల కూడా చెప్పి కొడతాడట! "లోరిస్!" అని అరిచాను. "ఇంటికి రావాలని ఉందా లేదా నీకు?" ఆయన తల తిప్పలేదు.

పరుగు తీసి కొట్టాడు.

తిజియానో కుడి పక్కకే దూకాడు. ఒళ్ళంతా సాచి దూకాడు. బంతి అతని వేళ్ళని దాటి మూలలో వలని లేపింది. అతను భుజం మీద పడి, మొహం వంకర పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. కోటువాడు కాసేపు చూసి, కూర్చున్నాడు. రెండు ఊళ్ళూ ఒక్కసారిగా అరిచాయి. నేను ఎవరెవరినో కావలించుకున్నాను. ఎవరో నా చేప ముక్కలన్నీ ఊరికే తినేశారు.

ఆట ముగిశాక మా ఆయన తిజియానో దగ్గరకి వెళ్ళాడు.

"కావాలని చెయ్యి వెనక్కి తీశావా?"

"లేదు కెప్టెన్."

"నా మొహం చూసి చెప్పు."

"లేదంటున్నాగా." కానీ ఆ కుర్రాడు నొప్పితో కళ్ళు మూసుకున్నాడు. అది మా ఆయనకి ఇంకోలా కనబడింది. పక్కనున్న పొంతరెల్ల వాళ్ళు నవ్వుతూ, "ఏం పడ్డాడ్రా బాబూ, నిజంగా దెబ్బ తగిలినట్టే!" అని అతని వీపు తట్టారు.

అంతే, మా ఆయన మళ్ళీ గుంతలో అడుగుపెట్టలేదు. క్లబ్బు బతికింది. ఇప్పటికీ అదే లీగ్‌లో, ఇప్పటికీ ఓడిపోతూ, హాయిగా బతుకుతోంది. ఆయన మాత్రం ఆదివారాలు ఏటి ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటాడు. సారాకొట్లో పొంతరెల్ల వాళ్ళెవరైనా, "ఏం కెప్టెన్, మేం వడ్డించిన గోలు అరిగిందా?" అంటే గ్లాసు సగంలో వదిలేసి లేచిపోతాడు. నిలబెట్టిన క్లబ్బుకి మొహం చాటేసిన మనిషితో కాపురం చెయ్యడం ఎంత కష్టమో నన్నడగండి.

పోయిన శరదృతువులో మా అన్న చనిపోయాడు. అంత్యక్రియలకి తిజియానో తూరిన్ నుంచి వచ్చాడు. ఆ మ్యాచ్ తర్వాత నెలలోపే అక్కడ ఫ్యాక్టరీ పనికి వెళ్ళిపోయాడు. అంత మంచి కీపర్ ఆట ఎందుకు మానేశాడో ఎవరూ పట్టించుకోలేదు. శవపేటిక ఎత్తడానికి ఎడమ చెయ్యే పెట్టాడు. వాకిట్లో నిలబడి అడిగాను.

"కుడి చెయ్యి లేవదక్కా," అన్నాడు. ఎత్తి చూపించాడు. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. "ఆ రోజు పోయింది. వదిలెయ్యమని జెలిందో నా చెవిలో చెప్పాడు, నిజమే. కానీ నాకు మూల చెప్పి, దమ్ముంటే ఆపు అంటే ఎవడు వదులుతాడక్కా? ప్రాణం పెట్టి దూకాను. వేలెడు దూరంలో పోయింది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాగా. లేదన్నాగా. ఎవరు నమ్మారు?"

ఇంటికొచ్చేసరికి మా ఆయన వంటింట్లో వల ముందేసుకుని కూర్చున్నాడు. నల్ల గుడ్డలు కూడా మార్చుకోకుండా మొత్తం చెప్పాను. ఆయన సూది ఆపలేదు.

"మంచి కుర్రాడు. నా పరువు కాపాడుతున్నాడు," అన్నాడు.

నాకు తిక్క రేగింది. వల లాగి అవతల పారేశాను. "చెయ్యి ఇంతవరకే లేస్తోంది!" అని నా చెయ్యి ఎత్తి చూపించాను. "నీ ఒక్కడి మాటకి వాడు భుజం పోగొట్టుకున్నాడు. ఇది కూడా నటనేనా?"

ఆయన నా చేతి వంకే చూస్తూ ఉండిపోయాడు. నేను చెయ్యి దించలేదు.

"ఎంత దూరంలో పోయిందన్నాడు?"

"వేలెడు."

"వేలెడా." తన చేతి వేలు చూసుకున్నాడు. అవతల ఒక మనిషి భుజం నాశనమైతే ఈయన కళ్ళలో ఆనందం. సిగ్గు లేదా అని తిడదామనుకున్నాను. తిట్టలేకపోయాను.

"బాగా కొట్టాను కదే, అర్మీదా," అన్నాడు.

"కొట్టావు," అన్నాను.