ఎస్తేరు గళ్లలో నా పని

నేను ఒక రబ్బరును. పెన్సిల్ రాతను చెరపడం నా పని. ఫ్యాక్టరీలో పెద్ద దిమ్మను కోస్తే వచ్చిన ముక్కల్లో ఒకదాన్ని. మనిషి నన్ను చేతిలోకి తీసుకున్నాడంటే ఏదో దాచబోతున్నాడని నాకు అనుమానం. ఇప్పటిదాకా ఆ అనుమానం తప్పలేదు.

నన్ను కొన్నది సుగుణ టీచరు. తను వేసిన మార్కులు పిల్లలు దిద్దుకుంటారేమోనని నన్ను బీరువాలో పెట్టి తాళం వేసేది. మోకాలి ఆపరేషనుకు కాకినాడ ఆస్పత్రిలో చేరినప్పుడు వెంట తెచ్చుకుంది. పక్క మంచం మీద ఎస్తేరు రాణి ఉండేది. పిల్లల వార్డులో నర్సు. స్కూటర్ మీంచి పడితే తలకి దెబ్బ తగిలింది.

"ఇలా రామ్మా. అడ్డంగా, నిలువుగా, చిన్న డబ్బాలో, ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు. వచ్చింది మళ్లీ రాకూడదు. అంతే" అని టీచరు పేపర్లో సుడోకు చూపించింది. ఎస్తేరు ఆ పూట భోజనం మరిచిపోయింది. ఇంటికి వెళ్లేటప్పుడు టీచరు పెన్సిల్‌ని, నన్ను ఆమె చేతిలో పెట్టింది.

జగన్నాథపురంలో ఎస్తేరు భర్త జకర్యా ఆటో సీట్లు కుడతాడు. ఆమె రోజూ సుడోకు నింపేది. జవాబు మర్నాటి పేపర్లో వస్తుంది. వారం పాటు ఒక్క తప్పూ లేకపోతే బుర్ర బాగైనట్టేనని, మళ్లీ వార్డులో పనికి వెళ్తానని అంది. మందు మోతాదులో ఒక అంకె తేడా వచ్చినా పసిపిల్లల ప్రాణం మీదికొస్తుందని ఆమెకు తెలుసు.

పొద్దున పేపరు ముందు జకర్యా చేతికి అందేది. ఆమె వంటింట్లో ఉండగా అతను జవాబు చూసి, తప్పులు నాతో చెరిపి, సరైన అంకెలు వేసేవాడు. అతనికి సుడోకు రాదు. చూసి రాయడం వచ్చు.

"అన్నీ కలిశాయండీ!" అనేది ఎస్తేరు. తర్వాత కాగితం మీద వేలు పెట్టి చూసేది. గరుగ్గా తగిలేది. "ఇక్కడ చెరిపినట్టు నాకు గుర్తు లేదే..." అని కణత నొక్కుకునేది. జకర్యా మిషను తొక్కేవాడు. భార్య తన బుర్రనే అనుమానిస్తోందని అతనికి తట్టలేదు.

సోమవారం వస్తానని ఆమె హెడ్ నర్సుకి మాటిచ్చింది. శనివారం నాటి జవాబు ఆదివారం పేపర్లో వచ్చింది. ఒక్క వరసా కలవలేదు. జకర్యా గళ్లన్నీ చెరిపి, పేపర్లో ఉన్న అంకెలు వేశాడు. నేను సగం అరిగాను.

ఎస్తేరు కాగితం చూసింది.

"ఏవండీ, ఇలా రండి. ఈ వరసలో అచ్చులోనే ఐదుంది. పక్కన పెన్సిల్‌తో ఇంకో ఐదు. ఇది నేనేశానా?"

"ఏమో మరి. నాకేం తెలుసు?"

"మీ గోటి నిండా రబ్బరు పొట్టుంది."

అతను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "నిన్న అన్నీ తప్పేశావే. ఒక్కటీ కలవలేదు. భయమేసింది."

ఆమె కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. నేను ఎంత రుద్దినా పెన్సిల్ నొక్కులు పోలేదు. వాటిని ఒక్కొక్కటే చదివింది. అన్నీ సరిపోయాయి.

"పేపరోడు వేరే సుడోకు జవాబు అచ్చేశాడండీ. నేనేసిందే రైటు. మీరు పేపరోణ్ణి నమ్మారు, నన్ను నమ్మలేదు."

"నువ్వు దిగులు పడతావని..."

"మిగతా రోజులు?"

"రెండో మూడో మార్చేవాణ్ణి."

"నేను చెరిపి మరిచిపోతున్నానేమోనని ఏడ్చానండీ. రేపు వార్డులో మందు తప్పు పోస్తే ఏ రబ్బరు పట్టుకొస్తారు?"

ఆమె ఫోన్ తీసింది. "మేడమ్, రేపు రాలేను. ఇంకా తప్పులొస్తున్నాయి. తగ్గాక నేనే చెప్తాను" అంది. తర్వాత ఆ రోజు సుడోకు ముందేసుకుంది.

ఇప్పుడు ఆమె తప్పులను చెరపదు. సున్నా చుట్టి, ఎక్కడ దారి తప్పిందో వెతుకుతుంది. నాకు పని పోయింది. కిటికీలో కూర్చుని చూస్తున్నాను.

పేపరు ఇప్పటికీ జకర్యానే తెస్తాడు. మడత విప్పకుండా ఇస్తాడు. ఆమె మడతను పరీక్షగా చూసి మరీ అందుకుంటుంది.