తాడుకు అటు చివర

బావ పద్దెనిమిదేళ్ళు బస్సు నడిపాడు. నలభై దాటాక కంటి జబ్బొకటి పట్టుకుని, అంచుల నుంచి మొదలుపెట్టి మధ్యదాకా చూపును కొద్దికొద్దిగా తినేసింది. ఇప్పుడు అదే డిపోలో ఫోన్ దగ్గర కూర్చుని, అడిగినవాళ్ళకు ఏ బస్సు ఎన్ని గంటలకో చెబుతాడు. అన్ని రూట్ల వేళలూ ఆయనకు నోటికి వచ్చు. పక్క సీటు గుమాస్తా కంప్యూటర్లో వెతికేలోపే బావ జవాబు చెప్పి ఫోన్ పెట్టేస్తాడు.

అలాంటి మనిషి ఒక ఆదివారం మధ్యాహ్నం, తిన్న కంచం పక్కకు జరిపి, "బామ్మర్దీ, మనం ట్రయాథ్లాన్ చేద్దామా?" అన్నాడు.

బావమరిది లిఫ్టుల మెకానిక్. బావకంటే అయిదేళ్ళు చిన్న. పెళ్ళి ఊసెత్తితే, ఎక్కడో లిఫ్టులో ఎవరో ఇరుక్కుపోయారని లేచి వెళ్ళిపోయే రకం. అప్పటికి మూడు మారథాన్లు పరిగెత్తాడు. ఇంట్లో పరుగు సంగతి తెలిసినవాడు అతనొక్కడే.

"ఏది, చిన్నదా?" అని అడిగాడు.

"చిన్నదానికి నీ సాయం ఎందుకురా? పెద్దదే."

పెద్దదంటే దాదాపు నాలుగు కిలోమీటర్ల ఈత, ఒడ్డెక్కి నూట ఎనభై కిలోమీటర్ల సైకిలు, అది దిగి నలభై రెండు కిలోమీటర్ల పరుగు. అంతా ఒకే రోజున, పదిహేడు గంటల లోపు. చూపు లేనివాళ్ళకు పక్కన ఒక గైడ్ ఉంటాడు. ఈతలో ఇద్దరి తొడలనూ కలుపుతూ సాగే తాడు ఒకటి. సైకిలు ఇద్దరు కలిసి తొక్కేది. పరుగులో చేతికీ చేతికీ మధ్య జానెడు తాడు. గైడ్ లాగకూడదు, నెట్టకూడదు, చివరి గీత ముందుగా దాటకూడదు. దారి చెప్పడమే అతని పని.

బావ భార్య, అంటే మెకానిక్ సొంత అక్క, ఇంటి ముందు గదిలో చిన్న కుట్టు దుకాణం నడుపుతుంది. బిగుతైన బట్టలు వదులు చేయడం, వదులైనవి బిగించడం ఆవిడ పని. ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఒకరికి చూపు లేదు, ఇంకొకడికి బుద్ధి లేదు. బాగా కుదిరారు," అంది. మర్నాటి సాయంత్రానికి మాత్రం దుకాణంలో మిగిలిన ఎలాస్టిక్‌తో రెండు తొడ పట్టీలు కుట్టి బల్ల మీద పెట్టింది.

మొదటి ఆరు నెలలు మాటలు నేర్చుకోవడానికే సరిపోయాయి. తొలిరోజు పరుగులో మెకానిక్ మాటిమాటికీ "జాగ్రత్త, జాగ్రత్త" అంటుంటే బావ ఉన్నచోటే ఆగిపోయాడు.

"జాగ్రత్త అంటే నాకేం తెలుస్తుందిరా? మెట్టా, గుంతా, కుక్కా? నేను బస్సు నడిపినన్నాళ్ళూ వెనక సీట్లోంచి ఇదే గోల. ఎందుకు జాగ్రత్తో ఒక్కరు చెప్పిన పాపాన పోలేదు."

అప్పటినుంచి మాటలు కుదురుకున్నాయి. "మూడడుగుల్లో మెట్టు, ఎక్కాలి." "కొంచెం ఎడమకి." "గుంత, నా వైపు." సైకిలు మీద "కుడి మలుపు", "వాలు", "తొక్కకు", "ఇప్పుడు తొక్కు". వెనక సీట్లో కూర్చోవడం మాత్రం బావకు ఒక పట్టాన మింగుడు పడలేదు. లేని బ్రేకును కాలితో నొక్కేవాడు. "గేరు లేటుగా వేస్తున్నావు. నేనిలా నడిపితే డిపోలో మెమో ఇచ్చేవాళ్ళు," అని సణిగేవాడు. "ప్రయాణికులు డ్రైవరుతో మాట్లాడరాదు," అని మెకానిక్ ముందునుంచి అరిచేవాడు.

ఈత దగ్గర మాత్రం గొడవ లేదు. మొదట ఊళ్ళోని ఈతకొలనులో, ఎండలు ముదిరాక రిజర్వాయరులో ఈదారు. రిజర్వాయరు నీళ్ళు బురద రంగులో ఉండేవి. మూరెడు దూరం కూడా కనిపించడం లేదని మెకానిక్ విసుక్కుంటే, "నీళ్ళలో అందరూ నాలాంటివాళ్ళే. అందుకే నాకిక్కడ హాయిగా ఉంది," అన్నాడు బావ.

ఏడాది గడిచింది. మెకానిక్ ఉద్యోగ వేళలు అతని చేతిలో ఉండేవి కావు. బయల్దేరబోతుండగా ఫోన్ మోగేది. ఏ ఆస్పత్రిలోనో, ఏ ఆఫీసులోనో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయేది. వారానికి రెండు మూడు రోజులు సాధన ఎగిరిపోయేది. బావకు అలాంటి బాధ లేదు. వెనక గదిలో పాత సైకిలొకటి స్టాండు మీద బిగించి, ఉద్యోగానికి వెళ్ళేముందు రెండు గంటలు, వచ్చాక రెండు గంటలు తొక్కేవాడు. ఈతకొలనులో వరసకూ వరసకూ మధ్య కట్టిన తాడును మోచేత్తో తాకుతూ ఒక్కడే అటూ ఇటూ ఈదేవాడు. ఆ ఏడాదిలో ఆయన ప్యాంట్ల నడుములు అక్క మూడుసార్లు బిగించింది.

పోటీకి ఇంకా పది వారాలుందనగా ఇద్దరూ కాలువ గట్టు రోడ్డు మీద ముప్పై కిలోమీటర్ల పరుగుకు బయల్దేరారు. ఇరవై దాకా బాగానే ఉంది. ఆ తర్వాత మెకానిక్‌కు ఊపిరి గొంతు దాటడం మానేసింది. పక్కన బావ తనలో తాను బస్సు వేళలు చదువుకుంటున్నాడు: "ఆరు పది, ఆరు ముప్పై అయిదు, ఏడు అయిదు..." అడుగులు లెక్కపెట్టుకునే బదులు అది ఆయన అలవాటు. ఆ గొంతులో ఆయాసమన్నది లేదు. మొదట్లో బావ వెనకబడితే తాడు వెనక్కి బిగిసేది. ఇప్పుడది ముందుకు బిగుస్తోంది, వెంటనే వదులవుతోంది. ఎవరో తనను తాను అదుపు చేసుకుంటున్నట్టు.

ఇరవై నాలుగో కిలోమీటరు దగ్గర రోడ్డు ఫుట్‌పాత్‌లో కలుస్తుంది. మెకానిక్‌కు ఆ అంచు స్పష్టంగా కనిపించింది. నోరు తెరిచాడు. ఊపిరి వచ్చింది కాని మాట రాలేదు. ఆ అంచుకు కాలు తగిలి బావ బోర్లా పడ్డాడు. అరచేతులు, గడ్డం చీరుకుపోయాయి.

"ఏమైంది?" అన్నాడు బావ, కింద కూర్చునే.

"చూసుకోలేదు బావా."

బావ అరచేతులు దులుపుకున్నాడు. "సరే, పద," అని లేచాడు. మిగతా ఆరు కిలోమీటర్లూ నడకకు కాస్త ఎక్కువ, పరుగుకు కాస్త తక్కువగా సాగాయి. ఇంటి దగ్గర అక్క దెబ్బలు కడుగుతూ తమ్ముడి వంక చూసింది. అతను పనుందని వెళ్ళిపోయాడు.

మర్నాడతను ఒక ఎత్తయిన భవనంలో, లిఫ్టు పెట్టె పైకప్పు మీద నిలబడి, టార్చి వెలుగులో ఇనప తాళ్ళ పోగులు పరీక్షిస్తున్నాడు. పోగులు లెక్కకు మించి తెగి ఉంటే తాడు మార్చమని రాయాలి. అలాంటి తాడును బాగుందని రాసి సంతకం పెట్టిన రోజు అతని ఉద్యోగంలో ఒక్కటి కూడా లేదు. చేతిలో కాగితం పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. పని ముగించుకుని తిన్నగా అక్క దుకాణానికి వెళ్ళాడు.

"అక్కా, నేను బావకి చాలను."

అక్క నోట్లో గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"చలికాలం నుంచి అనుకుంటా."

"నాకెందుకు చెప్తావు? ఆయన వెనక గదిలోనే ఉన్నారు. వెళ్ళు."

బావ సైకిలు తొక్కుతున్నాడు. చేతులకు గుడ్డ చుట్టి ఉంది. అడుగుల చప్పుడును బట్టి వచ్చిందెవరో గుర్తుపట్టి, "రా," అన్నాడు.

"బావా, నిన్న నేను చూసుకోకపోవడం కాదు. చూశాను. ఊపిరాడక మాట రాలేదు."

కాళ్ళు ఆగాయి. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

"తెలుసు."

"తెలుసా?"

"నీ ఊపిరి నా చెవికి మూరెడు దూరంలో ఉంటుందిరా. తెలియకుండా ఎలా ఉంటుంది?"

"మరి చెప్పలేదేం?"

"చెప్పి ఏం చెయ్యను? నువ్వు రాకపోతే నేనసలు మొదలే పెట్టేవాణ్ణి కాదు. నిదానంగానే వెళ్దాం. పదహారు గంటల్లో చేసినా చేసినట్టే కదా."

మెకానిక్ పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. "ఒక్కటి అడుగుతా, మొహమాటం లేకుండా చెప్పు. రోజుకి నాలుగు గంటలు దీన్ని తొక్కుతున్నావు. నా పక్కన మెల్లగా వెళ్ళడానికేనా?"

బావ అరచేతి గుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"కాదు," అన్నాడు చివరికి.

ఆ మాటకు మెకానిక్ గుండెలో కలుక్కుమంది. అంతలోనే, మోస్తున్న బరువేదో దించేసినట్టు కూడా అయింది. బావ అవునని ఉంటే అది అబద్ధమని ఇద్దరికీ తెలిసిపోయేది. ఆ అబద్ధాన్ని పది వారాలు ఇద్దరూ కలిసి మోయాల్సి వచ్చేది.

కొత్త గైడ్ కోసం ఎక్కువ వెతకలేదు. ఈతకొలనుకు రోజూ పొద్దున్నే ఒక ఫైర్‌మన్ వచ్చేవాడు. ముప్పై ఏళ్ళ మనిషి. ముప్పై కిలోల సామాను వీపున వేసుకుని పది అంతస్తులు ఎక్కడం అతనికి ఉద్యోగం. సెలవుల్లో సరదాకి పరుగు పందేలకు వెళతాడు. ఒకే ఒక్క లోపం. ఎవరితోనూ మాట్లాడడు. ఈతకొలను వాళ్ళందరూ అతన్ని మూగనోము అంటారు. సంగతంతా విని అతను తల ఊపాడు. బావకు తల ఊపితే తెలియదని మెకానిక్ గుర్తు చేశాక, "సరే" అన్నాడు.

మొదటిరోజు ఇరవై కిలోమీటర్లు తొక్కి వచ్చాక బావ సైకిలు దిగి, "బామ్మర్దీ, నా ముందు మనిషున్నాడా, సైకిలు దానంతటదే పోతోందా?" అని అడిగాడు.

మెకానిక్ తన సైకిలు మీద వాళ్ళ వెనకే వెళ్ళడం మొదలుపెట్టాడు. "గుంత వస్తోంది, చెప్పు! మలుపు, చెప్పు!" అని వెనకనుంచి గొంతు చించుకునేవాడు.

"అన్నా, పొగలో మేం మాట్లాడుకోం. భుజం మీద తడతాం అంతే," అన్నాడు ఫైర్‌మన్ ఒకరోజు. వారంలో అతను మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

"ఇక్కడ నీ చేతులు రెండూ హ్యాండిల్ మీదుంటాయి తమ్ముడూ. నోటితోనే తట్టాలి. ఏం చెప్పాలో తెలియకపోతే కనిపించిందల్లా చెప్పు. ఎక్కువైతే నోరు మూసుకోమని ఆయనే అంటాడు. ఆయనకి మొహమాటం లేదు."

సైకిలు పక్కన పెట్టి మెకానిక్ ఫైర్‌మన్ చేత వీధుల్లో బావను నడిపించాడు. బస్టాండులో, ఆఫీసు మెట్ల మీద, సంతలో జనం మధ్య. తను ఆరు నెలలకు నేర్చుకున్నది మూడు వారాల్లో అప్పజెప్పాడు. అయిదో వారంలో ఒక పొద్దున, కాలువ దాటాక వచ్చే చిన్న ఎత్తు దగ్గర, ఆ ఇద్దరి సైకిలు అతన్ని వదిలేసి ముందుకు పోయింది. ఎంత తొక్కినా అందలేదు. మలుపు తిరిగాక వాళ్ళు కనిపించలేదు. బావ పెద్దగా నవ్వడం మాత్రం వినిపించింది. మెకానిక్ సైకిలు దిగి, గట్టు మీద కూర్చుని నీళ్ళు తాగాడు.  తర్వాత లేచి మెల్లగా వాళ్ళ వెనకే వెళ్ళాడు. గొంతు చించుకోవాల్సిన అవసరం ఆ రోజు రాలేదు.

పోటీ రోజు పొద్దున ఆరున్నరకు అందరూ నీళ్ళలోకి దిగారు. అక్క పసుపు గొడుగు పట్టుకుని ఒడ్డున నిలబడింది. నీళ్ళ వంక చూడలేక తమ్ముడి చెయ్యి గిల్లుతూ ఉంది. గంటా ఇరవై రెండు నిమిషాలకు ఇద్దరూ ఒడ్డెక్కారు. మధ్యాహ్నం రెండు దాటాక సైకిలు దిగారు. సైకిలు ఎలా సాగిందని అక్క దూరం నుంచే అరిస్తే, బావ బొటనవేలు పైకెత్తి చూపించాడు, కాకపోతే ఇంకెవరి వైపో.

పరుగు నాలుగు చుట్లు. అక్కాతమ్ముళ్ళు నిలబడ్డ మూల మీదుగా ప్రతి చుట్టూ పోతుంది. మూడోసారి వచ్చేసరికి ఫైర్‌మన్ గొంతు బొంగురుపోయింది. అయినా ఆపడం లేదు. "నాలుగడుగుల్లో ఎడమ మలుపు... నేల చదును... పైన బాల్కనీలో ఒక పెద్దాయన గిన్నె మీద గరిటెతో కొడుతున్నాడు, వినపడుతోందా, అది మనకోసమే... ముందర వదిన నిలబడింది, ఏడుస్తోంది..."

"ఏడవట్లేదు!" అని అక్క అరిచింది, ముక్కు తుడుచుకుంటూ.

వాళ్ళు వెళ్ళిపోయారు. మెకానిక్ చాలాసేపు ఆ బాల్కనీ వంక చూశాడు. అన్ని నెలలూ తను బావకు గుంతలు చెప్పాడు, మెట్లు చెప్పాడు. ఒక్క బాల్కనీ చెప్పలేదు. ఊపిరి చాలక కాదు. చెప్పాలని తోచనేలేదు.

సాయంత్రం ఏడుంపావుకు ఇద్దరూ గీత దాటారు. బావ ఒక అడుగు ముందు, ఫైర్‌మన్ వెనక. పన్నెండు గంటల నలభై అయిదు నిమిషాలు. ఫైర్‌మన్ అక్కడే గడ్డి మీద వెల్లకిలా పడుకున్నాడు. ఎవరేమడిగినా చెయ్యి ఊపుతున్నాడు తప్ప గొంతు పెగలడం లేదు.

బావను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి అక్క బూట్లు విప్పింది. రెండు గోళ్ళు నల్లబడి ఉన్నాయి.

"బామ్మర్దీ, ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నా."

"ముప్పయ్యో కిలోమీటరు దగ్గర కాళ్ళు మొరాయించాయి. నువ్వయితే ఏం చేసేవాడివి?"

"పడేసేవాణ్ణి."

ఇద్దరూ నవ్వారు. బావకు నవ్వితే డొక్కలో పట్టేసింది. పట్టు వదిలాక, గొంతు తగ్గించి అడిగాడు.

"బాధగా ఉందిరా?"

మెకానిక్ గీత దాటి వస్తున్నవాళ్ళను చూశాడు.

"ఉంది. కొంచెం."

"ఉండాలి," అన్నాడు బావ. "లేదని ఉంటే నాకు బాధేసేది."

అక్క పొడి చొక్కా తెచ్చి బావ తలలోంచి తొడిగింది. చేతులు దూర్చుకోవడానికి కూడా ఆయనకు ఓపిక లేదు. ఒక చెయ్యి ఆవిడ దూర్చింది, రెండోది తమ్ముడు దూర్చాడు. ఆకాశంలో ఇంకా వెలుతురుంది. ఫైర్‌మన్‌ను లేపి, నలుగురూ కారు దగ్గరకు నడిచారు.