కంప్యూటరుకు పూల గౌను

సాయంత్రం ఐదింటికల్లా కోడలు తన బొమ్మలన్నీ ప్రచురణకర్తలకు పంపాలి. ఆలస్యమైతే పుస్తకం ఇంకొకరి చేతికి పోతుంది. ఆమె పేరుతో రాబోతున్న మొట్టమొదటి పుస్తకం అది. ఇరవై నాలుగు బొమ్మల్లో ఇరవై మూడు పూర్తయ్యాయి. చివరిదాంట్లో ఏనుగు నిద్రపోవాలి. ఏనుగు కళ్లు మూసేలోపే కంప్యూటరు కళ్లు మూసేస్తోంది.

పొద్దుటి నుంచి మూడుసార్లు అలాగే టప్పున ఆగిపోయింది. గీయడంలో పడితే మధ్యమధ్య సేవ్ చేసుకోవాలన్న ధ్యాసే ఉండదామెకు. మూడుసార్లూ ఏనుగు గాల్లో కలిసిపోయింది. నాలుగు రోజుల క్రితం మరిది కొత్త మెమరీ వేసిన దగ్గర్నుంచీ ఇదే వరస. అంతకుముందు నత్తనడకే కానీ, ఇలా చేతులెత్తేసింది లేదు.

"ఆ పాత మెమరీయే నయమయ్యా! నడవలేకపోయినా నిలబడేది," అంది ఏడుపు దిగమింగుకుంటూ.

మరిది కంప్యూటర్ల దుకాణంలో మెకానిక్కు. ఊరందరివీ బాగుచేసి ఇంట్లో పరువు పోగొట్టుకోవడమంటే మాటలా? తింటున్న అన్నం వదిలేసి వచ్చాడు. పైనున్న పూల గుడ్డ లాగి పక్కన పారేసి, పెట్టె విప్పాడు. కొత్త మెమరీ ముక్కలు రెండూ తీసి, అంచులు రబ్బరుతో తుడిచి, టక్కుమనేదాకా నొక్కాడు. ఒక్కోదాన్నే ఉంచి నడిపి చూశాడు. రెండూ కలిపి గంటసేపు పరీక్ష పెట్టాడు. ఒక్క తప్పూ దొరకలేదు.

"చూడు వదినా! నా దగ్గర కిక్కురుమనదు. నువ్వు కూర్చుంటేనే దీనికి తిక్క పుడుతోంది."

"అంటే ఇదంతా నా చేతి చలవా?"

"నేనెక్కడన్నానూ?" అంటూ పెట్టె మూసేసి, సగంలో వదిలిన కంచం దగ్గరికి పోయాడు. అతను వెళ్లాక అత్తగారు వచ్చి గదంతా సర్దిపోయింది.

కోడలు మళ్లీ కూర్చుంది. తొండం వేసింది, చెవులు వేసింది. ఇరవై నిమిషాలకు మళ్లీ టప్! గడియారం మూడున్నర చూపిస్తోంది. ఇక ఆపుకోలేక భోరుమంది.

వంటింట్లోంచి అత్తగారు పరుగెత్తుకొచ్చింది. "ఊరుకో అమ్మాయ్, ఊరుకో," అంటూ కోడలి వీపు నిమిరి, అలవాటు కొద్దీ పెట్టె మీది కుచ్చులు సర్దబోయి, చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఇదేమిటే, దీని ఒళ్లు కాలిపోతోంది!"

మరిది ఎంగిలి చేత్తోనే వచ్చాడు. పెట్టెకు నిలువునా పూల గౌను. బటన్ దగ్గర మాత్రం చిన్న కిటికీ.

"అమ్మా! దీనికి గౌనెప్పుడు కుట్టావు?"

"నువ్వు కొత్త సరుకు వేసినరోజే. పాతదానికెందుకులే అని ఊరుకున్నాను గానీ, కొత్తదానికి దుమ్ము పడనిస్తానా? ఇందాక నువ్వు విప్పి పారేస్తే మళ్లీ నేనేగా తొడిగింది!"

మిక్సీకి, టీవీకి, పిండి డబ్బాకి కూడా గౌన్లున్న ఇల్లది. పదేళ్ల కాపురంలో కోడలి కళ్లకు అవి ఆనడమే మానేశాయి. మరిదికైతే పుట్టినప్పటి నుంచీ ఆనలేదు.

"గాలాడక ఉడికిపోయి ఆగిపోతోంది వదినా! మెమరీ తప్పేం లేదు!" పరువు దక్కిన సంతోషంలో మరిదికి పట్టపగ్గాల్లేవు.

అత్తగారి మొహం చిన్నబోయింది. "నీ పుస్తకం చల్లగా ఉండాలనే కుట్టానే..."

కోడలికి కన్నీళ్లలోంచే నవ్వు తన్నుకొచ్చింది. అత్తగారిని పట్టుకుని కడుపుబ్బ నవ్వింది. ఈసారి గౌను విప్పేసి, ప్రతి గీతకూ సేవ్ చేస్తూ కూర్చుంది. ఐదుకు పది నిమిషాలుండగా బొమ్మలన్నీ వెళ్లిపోయాయి.

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని తెర మీదికి వంగింది. ఏనుగు హాయిగా నిద్రపోతోంది, ఒంటి నిండా పూల గౌనుతో.

"ఇవి నా పువ్వులే!" అని మురిసిపోయింది. "మరి చెవులు బయటికి వదిలేశావేం?"

"గాలాడాలి కదా అత్తయ్యా."

అత్తగారు వెళ్లి కత్తెర తెచ్చుకుని, గౌను ఒళ్లో పెట్టుకుంది.