గండగాయ్‌లో తెలుగు పాఠం

సిడ్నీకీ మెల్‌బోర్న్‌కీ మధ్య హైవే పక్కన, గండగాయ్ దగ్గర, అన్నం డబ్బా మీద కూర్చున్న కుక్క విగ్రహం ఒకటి ఉంది. వచ్చేపోయే కార్లన్నీ అక్కడ ఆగుతాయి. జనం దాని పక్కన నిలబడి ఇకిలిస్తూ ఫొటోలు దిగుతారు. మేం మాత్రం అక్కడ పిల్లని చేతులు మార్చుకుంటాం.

విడాకులయ్యాక అమృత మెల్‌బోర్న్ వెళ్లిపోయింది. వెళ్తే వెళ్లింది, నా కూతురిని కూడా పట్టుకుపోయింది. స్కూలు సెలవులొస్తే అటునుంచి తను, ఇటునుంచి నేను ఆ కుక్క దాకా రావాలి. అక్కణ్ణుంచి లిఖితను సిడ్నీ శివారు పెండిల్ హిల్‌లో ఉన్న నా ఇంటికి తెచ్చుకోవాలి. ఇదీ ఏర్పాటు. తనకి అయిదు గంటల డ్రైవట, నాకు నాలుగేనట. దానికీ సాధింపే.

ఈసారి సెలవులకు ముందు ఫోన్ చేసింది.

"లిఖిత రానంటోంది. నేను ఫోర్స్ చెయ్యను. కుక్క దగ్గరికి తీసుకొస్తా, నువ్వే అడుగు. అప్పుడు కూడా నో అంటే ఇంక ఈ హాలిడేస్ గొడవ వదిలెయ్, శేషూ."

ఒళ్లు మండిపోయింది నాకు. పన్నెండేళ్ల పిల్ల తనంతట తను అంటుందా ఆ మాట? వెనక నుంచి ఎవరు ఎక్కిస్తున్నారో నాకు తెలీదా? నా కారు ప్రయాణమంటే దానికి ప్రాణం. పెట్రోలు బంకులో తప్ప ఇంకెక్కడా ఆగని వాళ్లమ్మ లాంటివాణ్ణి కాదు నేను. చూడదగ్గ చోటల్లా ఆపుతాను. జుగియాంగ్‌లో జామ్ కొనిస్తాను. యాస్‌లో వేడివేడి మీట్ పై తినిపిస్తాను. గౌల్బర్న్‌లో మేడంత ఎత్తు కాంక్రీటు పొట్టేలు కింద నిలబెట్టి ఫొటో తీస్తాను. పైగా నా కారెక్కితే తెలుగే, అది రూలు. దారి పొడుగునా నేను చెప్తూనే ఉంటాను, అది కిమ్మనకుండా వింటుంది.

ఆ రోజు వాళ్లు నాకంటే ముందే వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. లిఖిత పొడుగైంది. నన్ను చూసి లేచి నిలబడింది కానీ, బ్యాగు అమృత కారులోనే ఉంది.

"రా తల్లీ! ఈసారి పొట్టేలు దగ్గర ఐస్‌క్రీమ్ కూడా," అన్నాను.

"ఐ డోంట్ నో, డాడ్," అంది నేల చూస్తూ.

రానని అనలేదుగా! గెలిచినట్టు అమృత వైపు చూశాను. తను కళ్లు తిప్పుకుంది.

"తెలుగువాళ్లా అండీ?"

వెనక్కి తిరిగితే పట్టుచీర మీద చలికోటు వేసుకున్న ఒకావిడ. పక్కన ఫోన్ పట్టుకుని వాళ్లాయన. మెల్‌బోర్న్ కేరమ్ డౌన్స్ గుడిలో మొక్కు తీర్చుకుని సిడ్నీ వెళ్తున్నారట. వాళ్లది తణుకు. మాది ఏ ఊరో, ఏం చేస్తామో, అన్నీ గుక్క తిప్పుకోకుండా అడిగేసింది. చుట్టపక్కాలు కూడా అంత చొరవ చెయ్యరు.

"ముగ్గురూ నిలబడండి, ఫొటో తీస్తారు మా ఆయన. అబ్బ, ఏంటమ్మా అలా ఎడంగా! దగ్గరికి జరగండి."

దారినపోయేవాళ్లకి విడాకుల సంగతేం చెప్తాం? నిలబడ్డాం. అమృత భుజం నా చేతికి తగిలింది. పిల్ల కూడా నవ్వింది. ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"పాపకి తెలుగొచ్చా? మా వాళ్ల పిల్లలకి ఒక్క ముక్క రాదు."

"ఎందుకు రాదండీ? నా కారులో తెలుగే," అన్నాను. అమృత వినాలనే కాస్త గట్టిగా అన్నాను.

"ఏదీ, నాలుగు మాటలు చెప్పు బంగారం! నాన్న దగ్గర ఏం నేర్చుకున్నావ్?"

లిఖిత నా వైపు చూసింది. తర్వాత పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది.

"జుగియాంగ్‌లో జామ్ కొంటూ, మీ అమ్మ నా కొంప కూల్చింది అని చెప్పాడు నాన్న. యాస్‌లో పై తినేటప్పుడు, మీ అమ్మమ్మ నంగనాచి, అంతా ఆవిడే ఆడించింది అని చెప్పాడు. పొట్టేలు దగ్గర ఫొటో తీసి, మీ అమ్మకి నువ్వంటే ప్రేమ లేదు, నన్ను ఏడిపించడానికే నిన్ను తన దగ్గర ఉంచుకుంది అని చెప్పాడు. ఎప్పుడూ చెప్తాడు ఆంటీ. ఇంకా చాలా మాటలొచ్చు నాకు."

ఆవిడ మొహం పాలిపోయింది. "పద, లేటవుతోంది," అన్నాడు వాళ్లాయన. వెళ్లొస్తామని కూడా అనకుండా గబగబా కారెక్కేశారు.

"శభాష్! బాగానే బట్టీ పట్టించావ్," అని అమృత మీద విరుచుకుపడ్డాను.

"ఇవన్నీ నేను ఇప్పుడే వింటున్నా," అంది. "ఒక్కసారి కూడా నాతో అనలేదు అది. అన్నీ లోపలే పెట్టుకుంది."

ఎదురు తిరిగి అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

ఈలోగా లిఖిత వెళ్లి వాళ్లమ్మ కారులో ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టేసుకుంది. పరిగెత్తాను. నువ్వు లేకపోతే ఆ ఇంట్లో నేను ఉండలేనమ్మా అని చెప్దామనే పరిగెత్తాను. దబదబా అద్దం మీద కొట్టాను.

అద్దం దించింది. కళ్ల నిండా నీళ్లు. ఏం చెప్తానా అని నా మొహంలోకే చూస్తోంది.

"చూడు తల్లీ, మీ అమ్మ..." అన్నాను.

అద్దం పైకి లేచింది.