తొమ్మిది తట్టలు

నా సంతకం విలువ పదిహేను కిలోల బియ్యం. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, ఆరు నెలల పాటు, నెలకు ఇరవై ఏడు కార్డుల మీద ఆ విలువ చెల్లింది.

నా పేరు ధనరాజు. పుట్టిందీ పెరిగిందీ పోర్ట్ బ్లెయిర్‌కు ఎదురొడ్డున, బాంబూఫ్లాట్‌లో. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. హోప్ టౌన్ ఒడ్డున నాకు చేపలు ఆరబెట్టే స్థలం ఉంది. నెత్తళ్ళు కొంటాను, వెదురు తడికెల మీద ఎండబెట్టిస్తాను, మూటలు కట్టించి ఓడ మీద పంపుతాను. తట్టెడు పచ్చి చేప ఎండాక ఎంత మిగులుతుందో కంటిచూపుతో చెప్పగలను. మనుషుల సంగతిలోనూ నాకు అదే అలవాటు.

పోర్ట్ బ్లెయిర్‌లో ఒక సహాయ సంస్థ ఉంది. మేమంతా దాన్ని బియ్యం ఆఫీసు అంటాం. రేషన్‌తో గడవని ఇళ్ళకు నెలకు పదిహేను కిలోలు అదనంగా ఇస్తుంది. షరతు ఒకటే. ఆ ఇంటి మనిషి నెలలో పన్నెండు రోజులు పని చేసినట్టు, పనిచ్చినవాడు కార్డు మీద సంతకం పెట్టాలి. పని దొరకని ఊరైతే ఆ షరతు ఎత్తేస్తారు. ఎత్తేస్తారన్న మాట మా చెవిన పడేసరికి చాలా ఆలస్యమైంది.

దీపావళి ముందు హోప్ టౌన్‌లో ఐస్ ఫ్యాక్టరీ మూతపడింది. ఐస్ లేని చోట పడవ ఆగదు. పడవలన్నీ అవతలి ఒడ్డుకు, జంగ్లీఘాట్‌కు పోయాయి. నా దగ్గరికి వచ్చే చేప మూడో వంతుకు పడింది. ఇరవై ఏడుగురు ఆడవాళ్ళు చేసే పనికి తొమ్మిది మంది చాలు.

కానీ ఈ జాలరి ఇళ్ళలో పనిని మనిషి లెక్కన చూడరు, ఇంటి లెక్కన చూస్తారు. పడవ ఎక్కలేనివాడి ఇంటికి కూడా వాటా పడుతుంది. తడికెల దగ్గరా అంతే. ఎవరు వచ్చినా రాకపోయినా ఇరవై ఏడు ఇళ్ళ పేర్లూ ఉంటాయి, వచ్చిన కూలి ఇరవై ఏడు వాటాలవుతుంది.

మొదటి నెల కార్డులు తెచ్చింది అమ్ములు. తడికెల దగ్గర ఆడవాళ్ళకు ఆవిడే పెద్ద.

"ఇరవై ఏడా? నాకు తొమ్మిది తట్టలే కనబడుతున్నాయి" అన్నాను.

"తట్టలు తొమ్మిదే భయ్యా. ఇళ్ళు ఇరవై ఏడు. నిన్న ఓడ దిగినోడిలాగ అడుగుతావేటి?"

లెక్క వేసుకున్నాను. సంతకానికి నాకు పోయేది లేదు. ఇళ్ళలో అన్నం ఉడికితే ఈ ఆడవాళ్ళు డాలీగంజ్‌లో అంట్లు తోమడానికి పోరు. చేప మళ్ళీ వచ్చిన రోజున చేతులు సిద్ధంగా ఉంటాయి. పెట్టాను. దాన్ని జాలి అని చెప్పుకోను.

ఆ పేర్లలో యర్రమ్మ చిన్నమ్మది ఒకటి. ఆవిడ కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగి వంకరగా అతుక్కుంది. తట్ట ఎత్తలేదు. భర్త అప్పలరాముడు పక్షవాతంతో మంచం మీద ఉన్నాడు. నెలాఖరు దాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఈ పదిహేను కిలోలే దిక్కు.

మే నెలలో వానలు దిగితే తడికెలు మూలకు చేరతాయి. అప్పుడు పని చేయించానంటే ఎవడూ నమ్మడు. అందుకని ఏప్రిల్ చివర్లో, మా ఊరికి పని షరతు ఎత్తేయమని అర్జీ పట్టుకుని బియ్యం ఆఫీసుకు వెళ్ళాను. గుమస్తా మణికుమార్ అర్జీ చదివి, కంప్యూటర్ చూసి, నవ్వాడు.

"హోప్ టౌన్‌లో పని లేదా? మా లిస్టులో మీ ఊరే టాప్ భయ్యా. ఇరవై ఏడు మంది, నెలకు పన్నెండేసి రోజులు, ఒక్క నెల తప్పలేదు."

"ఆ సంతకాలు నావే."

"అదే చెబుతున్నా. అక్కడ పని ఉందనడానికి సాక్షివి నువ్వే."

అతను గొంతు తగ్గించాడు. "దేఖో భయ్యా. సంతకాలు నిజమైతే ఊళ్ళో పని ఉన్నట్టు. షరతు పోదు. అబద్ధమైతే షరతు పోతుంది, కానీ అబద్ధం కార్డులు ఆరు నెలలు ఆపేస్తారు. నీ సంతకం ఇంకెక్కడా పనికిరాదు. వచ్చే మంగళవారం గోపినాథ్ సార్ తనిఖీకి వస్తారు. ఈలోపు తేల్చుకో."

ఫెర్రీలో రెయిలింగ్ పట్టుకుని తేల్చుకున్నాను. అబద్ధం నిలబెడితే ఈ నెల గడుస్తుంది, ఆ తర్వాత వానలైపోయేదాకా ఇరవై ఏడు ఇళ్ళకూ సున్నా. నిజం చెబితే పద్దెనిమిది ఇళ్ళకు సున్నా, తొమ్మిది ఇళ్ళకు బియ్యం. తొమ్మిది సున్నా కంటే ఎక్కువ. ఇంత సులువైన లెక్క నాకు ఇంత బరువుగా ఎప్పుడూ తగల్లేదు.

తిన్నగా యర్రమ్మ ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ అప్పలరాముడికి గంజి తాగిస్తోంది.

"నిజం సెప్తే నా కార్డు ఆరు నెల్లు ఉండదు."

"ఉండదు చిన్నమ్మా."

"సెప్పకపోతే వానలకి పోద్ది."

"అవును."

గంజి గ్లాసు కింద పెట్టి నా వైపు చూసింది. "ఎటు తిప్పినా నాది పోద్ది కదా. మరి నన్నెందుకు అడుగుతావు బాబూ? నేను సరే అంటే నీకు రాత్రి నిద్ర పడతాదనా?"

నిజానికి అందుకే వెళ్ళాను.

మంగళవారం తొమ్మిది మందినే పంపమని అమ్ములుకు గట్టిగా చెప్పాను. పొద్దున స్థలానికి వెళ్ళేసరికి ఇరవై ఏడుగురూ ఉన్నారు. చీరకొంగులు బిగించి తడికెల చుట్టూ నిలబడ్డారు. యర్రమ్మ వంకర చెయ్యి కొంగు కింద దాచుకుని ఒక చివర ఉంది.

"ఏంటిది అమ్ములూ?"

"ఇంటికొకరం వచ్చినాం. నీ సంతకం దొంగదని నీ మీదకి మాటొస్తే మేం ఇళ్ళల్లో కూకుంటామేటి?"

"మిమ్మల్ని తీసుకెళ్ళి జైల్లో పడేస్తే గాని నా మాట వినరు."

"ఇరవై ఏడుగురం పడతామా అందులో" అంది వెనక నుంచి ఎవరో. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

గోపినాథ్ సార్ జీపు దిగి, వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. ఇరవై ఏడు. కాగితంతో పోల్చుకున్నాడు. "సరిపోయింది. అర్జీలో పని లేదని రాశారెందుకు మరి?"

నేను ఊరుకుంటే ఆయన సంతకం చేసి వెళ్ళిపోయేవాడు. ఇరవై ఏడు ముఖాలూ నన్ను ఊరుకోమనే చూస్తున్నాయి.

"సార్, ఒక్కొక్కరికీ ఒక్కో తట్ట ఇమ్మని చెప్పండి" అన్నాను.

అమ్ములు కదల్లేదు. నేనే షెడ్డులోకి వెళ్ళి తట్టలు తెచ్చి ఇచ్చాను. తొమ్మిదో తట్ట దగ్గర అయిపోయాయి; చేప తగ్గాక నేను అంతకు మించి ఉంచలేదు. తక్కినవాళ్ళు ఉత్త చేతులతో నిలబడ్డారు. గోపినాథ్ సార్ తట్టలను చూశాడు, నాలుగు తడికెల మీద పల్చగా పరిచిన నెత్తళ్ళను చూశాడు, కాగితం మడిచాడు.

"రాసివ్వండి" అన్నాడు.

రాసిచ్చాను. ఏ తొమ్మిది ఇళ్ళు నిజమో పేర్లు కూడా నా చేతే రాయించాడు. యర్రమ్మ పేరు రాయలేదు.

జూన్ మొదటి వారంలో కాగితం వచ్చింది. హోప్ టౌన్‌లో పని లేదు కాబట్టి పని షరతు లేదు. పద్దెనిమిది కార్డులు నవంబరు దాకా చెల్లవు. ధనరాజు సంతకం ఎన్నటికీ చెల్లదు.

తొమ్మిది కార్డుల బియ్యం నా షెడ్డులోనే దించారు. టార్పాలిన్ మీద వాన మోగుతోంది. అమ్ములు నా కాటా ముందుకు లాక్కుంది. నూట ముప్పై అయిదు కిలోలు, ఇరవై ఏడు ఇళ్ళు. ఇంటికి అయిదు కిలోలని నేను ముందే మనసులో వేసుకున్నాను. కాటా మీద నాలుగు కిలోల ఎనిమిది వందల దగ్గరే అమ్ములు చెయ్యి ఆపింది.

"తక్కువ తూస్తున్నావు" అన్నాను.

"ఇరవై ఎనిమిది వాటాలు."

"ఇరవై ఎనిమిదోది ఎవరిది?"

"నీది."

"నాకెందుకు? మా ఇంట్లో బియ్యం ఉన్నాయి."

"ఉండనీ భయ్యా. పడవెక్కలేనోడి ఇంటికి వాటా వెయ్యమా? సంతకం పెట్టలేనోడూ అంతే." నా ముఖం చూడకుండా సంచీ నా చేతిలో పెట్టింది.

నా మూలంగా ఒక్కో ఇంటికి దాదాపు రెండు వందల గ్రాములు తగ్గింది. యర్రమ్మ ఎడం చేత్తో తన సంచీ ఎత్తుకుంటోంది. ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"చిన్నమ్మా, ఇది కూడా పట్టుకెళ్ళు."

"ఇంటికి ఒకటే వాటా బాబూ. నాకు రెండెందుకు పడతాయి?" అని కొంగు తల మీదకు లాక్కుని వానలోకి దిగింది.

తిరిగి కుప్పలో పోస్తే, నేను ఈ ఇళ్ళలో వాడిని కానని నా నోటితో నేనే చెప్పినట్టు. పట్టుకెళ్తే, వాళ్ళ కుండల్లోంచి తీసుకెళ్ళినట్టు. సంచీ చంకలో పెట్టుకుని చూరు కింద నిలబడ్డాను. బాంబూఫ్లాట్‌లో మా ఇంటికి పోవాలంటే ఆ ఇరవై ఏడు గుమ్మాల ముందు నుంచే దారి.